జూలీ నీళ్ళ లెక్క

ముందు ఏ మాట వాడాలో తేల్చుకోవాలి. మూత్రవిసర్జన అంటే ల్యాబ్ రిపోర్టులా ఉంటుంది. సుసు అంటే చిన్నపిల్లల సంగతి. మా ఇంట్లో అమ్మ ఉచ్చ అంటుంది, నేనూ అదే అంటాను. పద్నాలుగేళ్ళ మా జూలీ ఇంట్లో ఉచ్చ పోయడం మొదలుపెట్టి ఇప్పటికి అయిదు నెలలు.

జూలీ జాతి కుక్క కాదు. షాపూర్‌నగర్‌లో మా పాత ఇంటి ముందు కాలువ పక్కన దొరికితే బాపు తెచ్చాడు. అక్కడ దానికి వాకిలి ఉండేది, వేపచెట్టు ఉండేది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చేది. బాపు పోయాక ఆ ఇల్లు అమ్మి గండిమైసమ్మ చౌరస్తాకి కాస్త లోపలగా ఫ్లాట్ కొన్నాం. అయిదో అంతస్తు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ట్రైనింగ్ విమానాలు పొద్దున్నే తలమీద తిరుగుతుంటాయి. గండి అంటే కట్ట తెగిన చోటు. జూలీ మొదలుపెట్టాక ఆ పేరుమీద ఇంట్లో చాలా జోకులు వేసుకున్నాం. మూడో వారానికి ఎవరికీ నవ్వు రాలేదు.

మొదటిసారి నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. హాల్లో టీవీ కింద మడుగు. తర్వాత సోఫా పక్కన, తర్వాత అమ్మ పూజగది గడప మీద. ఇది కావాలనే చేస్తోందని నా తీర్పు. కొత్త ఇల్లు నచ్చలేదు, పగబట్టింది. మడుగు దగ్గరికి లాక్కెళ్ళి చూపించి అరిచాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. అది చెవులు వెనక్కి పెట్టి, నేను దేనికి అరుస్తున్నానో వెతుకుతున్నట్టు నేలంతా చూసింది.

తర్వాత ఇంజనీర్ బుర్రతో ఒక పరిష్కారం కనిపెట్టాను. లోపలికి పోకపోతే బయటికి రాదు కదా! రాత్రి ఎనిమిదింటికి నీళ్ళ గిన్నె తీసేయడం మొదలుపెట్టాను. నాలుగో రోజు అర్ధరాత్రి చూస్తే బాత్రూంలో బకెట్‌లోకి తల పెట్టి తాగుతోంది. బాత్రూం తలుపు కూడా వేసేశాను. అలా దాదాపు మూడు వారాలు.

పక్కనే స్ప్రెడ్‌షీట్ ఒకటి నడిపేవాణ్ణి. ఎన్నింటికి పోసింది, ఎక్కడ, ఎంత. మా ఆవిడ ఒకరోజు దాన్ని చూసి, "ఎంత పోస్తోందో రాశావు, ఎంత తాగాలనుకుంటోందో రాశావా?" అంది. ఆ కాలమ్ లేదు. లీటర్ బాటిల్‌తో కొలిచి గిన్నె నింపి రోజంతా వదిలేశాం. పద్దెనిమిది కిలోల కుక్క రోజుకి రెండు లీటర్ల ముప్పావు తాగింది. కిలోకి వంద మిల్లీలీటర్లు దాటితే అనుమానించాలని పశువైద్యుల లెక్క. దాని ప్రకారం 1.8 లీటర్లు దాటితేనే ఏదో తేడా ఉన్నట్టు. కిడ్నీ కావచ్చు, షుగర్ కావచ్చు, హార్మోన్ల జబ్బు కావచ్చు.

శాంపిల్ పట్టడం ఒక ఘట్టం. పొద్దున ఆరింటికి పార్కింగ్‌లో పప్పు గరిటె పట్టుకుని కుక్క వెనకాల వంగి నడుస్తుంటే వాచ్‌మన్ అన్న ఏమీ అడగలేదు. ఆ మర్యాద మరిచిపోను. రిపోర్టులో స్పెసిఫిక్ గ్రావిటీ 1.010. మామూలు నీళ్ళది 1.000. కిడ్నీ సరిగా పనిచేసే కుక్కకి పొద్దుటి మొదటి ఉచ్చ చిక్కగా, 1.030 పైన ఉండాలి. మా జూలీ కిడ్నీలు నీళ్ళని పట్టి ఉంచలేకపోతున్నాయి. ఎక్కువ తాగడం వల్ల పోయడం లేదు, ఎక్కువ పోతున్నందుకు తాగుతోంది. నా బాణం గుర్తు తిరగబడింది. అలాంటి కుక్కకి నీళ్ళు ఆపితే ఒళ్ళు ఎండిపోయి ఆ మిగిలిన కిడ్నీ కూడా దెబ్బతింటుంది. డాక్టర్ గారు అడిగారు, "రాత్రి కూడా నీళ్ళు ఉంచుతున్నారు కదా?"

"ఉంచుతున్నామండీ," అన్నాను.

మా ఆవిడ నావైపు చూసింది. దారిలో ఏమీ అనలేదు.

కిడ్నీ తిండి, మందులు మొదలయ్యాక మడుగులు సగానికి తగ్గాయి. మిగతా సగం వేరే కథ. జూలీ తలుపు దగ్గరికి వెళ్ళేది, కానీ తెరుచుకునే వైపు కాదు, బందులున్న వైపు నిలబడేది. గోడమూలకి ముఖం పెట్టి అలాగే ఉండిపోయేది. రాత్రి రెండింటికి లేచి ఇల్లంతా తిరిగేది. మనుషుల మతిమరుపు జబ్బులాంటిది కుక్కలకీ ఉంది. 2001లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో పదకొండు, పన్నెండేళ్ళ కుక్కల్లో 28 శాతానికి, పదిహేను, పదహారేళ్ళ కుక్కల్లో 68 శాతానికి కనీసం ఒక లక్షణమైనా కనిపించింది. దిక్కు తోచకపోవడం, మనుషులతో మెలిగే తీరు మారడం, నిద్ర తారుమారవడం, ఇల్లు పాడుచేయడం, చలాకీతనం తగ్గడం. వీటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలు కలిపి పశువైద్యులు గుర్తుపెట్టుకునే మాట 'దిశ'. దిక్కు తప్పే జబ్బుకి ఆ పేరు పడటం తెలుగువాళ్ళకే తమాషాగా ఉంటుంది.

సాహిత్యంలో ఈ జూలీ కోసం వెతికాను, అలవాటు పోదు కదా. తిక్కన గారి మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట నడిచిన కుక్క ఉంది. హిమాలయాలు ఎక్కిందంటే దానికి కీళ్ళనొప్పులు లేవనుకోవాలి, ధర్మరాజు దాని వెనక తుడిచినట్టూ లేదు. నేను చదివిన మన కథల్లో కుక్క విశ్వాసంగా ఉంటుంది, ఆకలితో ఉంటుంది, చచ్చిపోతుంది. ఉచ్చ పోయదు. ఇంగ్లిష్‌లో జె.ఆర్. ఆకర్లీ 1956లో 'మై డాగ్ ట్యూలిప్' రాశాడు. అందులో 'లిక్విడ్స్ అండ్ సాలిడ్స్' అని ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. ఆ మనిషికి సిగ్గులేదు, అందుకే నచ్చాడు.

డాక్టర్ రాసిన కొత్త మందు సెలిజిలిన్. చౌరస్తా దగ్గర మెడికల్ షాపు అబ్బాయి చీటీ సరిగా చూడకుండానే, "పెద్దాయనకా అన్నా?" అన్నాడు. అది పార్కిన్సన్స్‌కి వాడే మందు. ఇంటికి తెస్తే అమ్మ స్ట్రిప్ తిప్పి చూసి, "ఇవి మీ బాపు గోలీలే కదరా," అంది.

బాపుకి చివరి ఏడాదిన్నర పార్కిన్సన్స్. పక్కబట్టలు అమ్మే మార్చేది. నేను ఒకే ఒక్కసారి మార్చాను, అప్పుడు కూడా, "ముందే చెప్పొచ్చు కదా బాపూ," అన్నాను. ఆయన గోడవైపు తిరిగాడు. జూలీ మీద అరిచినన్నాళ్ళూ నేను అరిచిన మాట కూడా అదే, ముందే చెప్పొచ్చు కదా. గోలీలు చూసేదాకా నాకు తట్టలేదు.

అసలు ఈ కుక్కని ఎక్కడైనా ఫామ్‌హౌస్‌లో వదిలి రమ్మని మొదట్లో గొడవ చేసింది అమ్మే. పూజగది గడప విషయంలో ఆమెకి రాజీ లేదు. ఆ రోజు తర్వాత ఆ మాట ఎత్తలేదు. బీరువాలోంచి బాపు లుంగీలు తీసి, నాలుగు మడతలు పెట్టి కుట్టి జూలీ పడకమీద వేసింది. టైల్స్ మీద కాళ్ళు జారకుండా హాలంతా యోగా మ్యాట్లు పరిచాం. ఫినాయిల్ మానేశాం. మన ముక్కుకి వాసన కప్పేస్తుందే గానీ కుక్క ముక్కుకి కింద పాత గుర్తు అలాగే ఉంటుంది. ఎంజైమ్ క్లీనర్ నయం, ఖరీదే చురుకు పుట్టిస్తుంది.

పూర్తిగా తగ్గలేదు, తగ్గదు కూడా. నిన్న రాత్రి మూడింటికి చప్పుడైతే లేచాను. హాల్లో లైటు. జూలీ తలుపు బందులవైపు నిలబడి ఉంది. అమ్మ ఒక లుంగీని దాని పొట్టకింద ఉయ్యాలలా పట్టుకుని, మెల్లగా వెనక కాళ్ళు లేపి తిప్పుతోంది.

"అటు కాదే ముసల్దానా, ఇటు," అంటోంది. "నువ్వు పండుకో బిడ్డా, నేను కిందికి తోల్కపోతా."

లిఫ్ట్ బటన్ మాత్రం నేనే నొక్కాను.