పేరుకు ముందు, పేరుకు వెనుక

గోదావరి జిల్లాల ఇండ్లలో ఇంటర్మీడియట్ పరీక్షలు ముగియగానే పుట్టే సందడి మాకు క్రొత్త కాదు. వైద్యంలో సీటు వచ్చిన యింట మిఠాయిలు పంచుతారు. సీటు రాక న్యాయవిద్యలో చేరిన యింట బంధువులు పరామర్శకు వచ్చినట్లు వస్తారు. మా మిత్రుడొకరు లా పూర్తిచేసి బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకొన్న పిమ్మట వివాహం నిశ్చయమైనది. శుభలేఖలో వధువు పేరుకు ముందు 'డాక్టర్' అని ఉన్నది. వరుని పేరుకు ముందు వేయటానికి ఏమీ లేకపోయెనే అని పెద్దలు చిన్నబుచ్చుకొన్నారు. నాటి నుండి ఈ విషయాన్ని గూర్చి మేము ఆలోచిస్తూనే ఉన్నాము.

ఏండ్ల లెక్క చూతము. ఎం.బి.బి.ఎస్.కు నాలుగున్నర ఏండ్లు, ఆపై ఒక ఏడు ఆసుపత్రిలో శిక్షణ. బి.ఎ. మూడేండ్లు, ఎల్.ఎల్.బి. మూడేండ్లు కలిపితే ఆరు. పోనీ, పట్టాలో తేడా ఉన్నదా అంటే, ఎం.బి.బి.ఎస్. సైతం బ్యాచిలర్ పట్టాయే. వారికి 'డాక్టర్' అనే పిలుపు లోకమర్యాద వలన వచ్చినదే గాని ఆ పట్టా మీద వ్రాసి ఉన్నది కాదు. ఇంగ్లండులో శస్త్రవైద్యులు 'మిస్టర్' అనిపించుకొనటమే గౌరవమని నేటికీ తలుస్తారట! అమెరికాలో న్యాయవిద్య పట్టా పేరే 'జూరిస్ డాక్టర్'. అయినను అక్కడి లాయర్లు సాధారణంగా డాక్టరని చెప్పుకొనరు. బారిష్టరైన అంబేద్కర్ మహాశయుని పేరు ముందు 'డాక్టర్' చేరినది న్యాయశాస్త్రం వలన కాదు, అర్థశాస్త్ర పరిశోధన వలన.

మాలో కొందరి యిండ్లలో 'వకీల్ సాబ్' అంటారు, తక్కిన ఊరంతా 'ప్లీడరుగారు' అంటుంది. వకీలు అనగా పరుల పనిని తన పనిగా అప్పగించుకొన్నవాడు. కక్షిదారు వకాల్తానామా మీద వ్రాలు చేసిననాడే ఆ మాటకు ప్రాణం. 'డాక్టర్' అన్నది లాటిన్‌లో బోధించువాడని అర్థమిచ్చే మాట. ఒకటి నమ్మకం నుండి, ఒకటి చదువు నుండి పుట్టినవి. మాకు మొదటిదే బరువైనదిగా తోస్తుంది.

అక్షరాలకు విలువే లేదని మా వాదన కాదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమహేంద్రవరంలో సెకండు గ్రేడు ప్లీడరుగా పేరు, ధనం గడించినా, హైకోర్టులో నిలిచి వాదించటానికి ఆ పట్టా చాలలేదు. ఇంగ్లండు వెళ్ళి బారిష్టరై వచ్చిన పిదపనే మద్రాసు హైకోర్టులో వారి ప్రాక్టీసు. ఈ అంతస్తులను 1961 నాటి అడ్వొకేట్ల చట్టం తొలగించి అందరికీ 'అడ్వొకేట్' అన్న ఒక్క పేరు నిలిపినది. 'సీనియర్' అన్నది మాత్రం న్యాయస్థానం యిచ్చే గౌరవం.

వైద్యంలో అక్షరాల దెబ్బ తిన్నవారు 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్ల ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో బయటపడ్డారు. అమెరికా చేరి, హార్వర్డులో పిహెచ్.డి. పొంది, లెడర్లీ పరిశోధనశాలలో ఫోలిక్ ఆమ్లం, మెథోట్రెక్సేట్‌లకు దారితీసిన కృషికి నాయకత్వం వహించారు. 1948లో కన్నుమూశారు. మెథోట్రెక్సేట్‌ను క్యాన్సరు చికిత్సలో నేటికీ వాడుతున్నారు. దాన్ని వాడే వైద్యులలో ఎందరికి ఆ ఎల్.ఎం.ఎస్. సంగతి తెలుసునో!

ఇక మా పల్లెల సంగతి. కోర్టులో నల్లకోటు వేసుకొని వాదించవలెనంటే బార్ కౌన్సిల్ నమోదు తప్పదు. ఊరిలో సూది వేయగలిగితే చాలు, 'డాక్టరుగారే'. వైద్యుడు తన రిజిస్ట్రేషన్ నంబరును చికిత్సాలయంలోనూ, మందుల చీటీపైనా చూపవలెనని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెప్పినవి. మా మేనత్తకు జ్వరమని తీసుకొనిపోయిన గదిలో ఆ నంబరు కోసం గోడలన్నీ వెదికాము. క్యాలెండరు ఉన్నది, దేవుని పటమున్నది, పేరుకు ముందు 'డాక్టర్' అన్న మాట ఎర్రరంగుతో పెద్ద అక్షరాలలో ఉన్నది.