బెజ్జంకి నుండి ఆసియా విందునకు

సిద్దిపేట జిల్లాలోని బెజ్జంకి యనగానే లక్ష్మీనరసింహస్వామివారి గుట్టయు, చైత్రమాసపు జాతరయు జ్ఞప్తికి వచ్చును. 2016 అక్టోబరు వఱకు ఈ యూరు కరీంనగరము జిల్లాలో నుండెడిది. నేటికిని మావారికి బట్టలు కొనవలసినను, వైద్యుని జూడవలసినను కరీంనగరము దారియే అలవాటు. జాతర వచ్చెనా, ఇంటింట చుట్టములు దిగుదురు. పొయ్యి ఆఱదు. పులిహోర యొకవైపు, బచ్చాలు మఱొకవైపు, పచ్చిపులుసు గిన్నెలకు గిన్నెలు. ఆ దినములలో ఇంటి యిల్లాలు ఎప్పుడు భుజించినదో అడుగువారుండరు. పండుగ యనగా మాకు తెలిసిన యర్థమిదియే: వండువారు వేఱు, తినువారు వేఱు.

హైదరాబాదులోని పెద్ద హోటళ్లవారు ఈ పండుగ మాటను తామును చేకొని, ఆహారోత్సవములని జరుపుచున్నారు. కొన్ని దినములు థాయిలాండు వంటలు, మఱికొన్ని దినములు బర్మావి, మలయావి. ఒక్కొక్కప్పుడు ఆ దేశపు వంటవారినే రప్పించి వండింతురు. నగరమున నుద్యోగము చేయుచున్న మా పెద్దమ్మాయి, తన జీతముతో బాపమ్మకు అట్టి విందొకటి చూపవలెనని పట్టుపట్టినది. మా అత్తగారికి డెబ్బది దాటినవి. జాతర భోజనములకు ఏబది యేండ్లు వడ్డించిన చేయి ఆమెది.

రాజీవ్ రహదారి మీద సిద్దిపేట, ప్రజ్ఞాపూరు, శామీరుపేట దాటి మూడు గంటలలో నగరము చేరితిమి. దారి ముచ్చట చెప్పదగినదేమియు లేదు, అత్తగారు నిద్రించినది.

హోటలు భోజనశాలలో వంటకములన్నియు బల్లలపై వరుసగా నమర్చియున్నవి. ఎవరికి కావలసినది వారే పోయి వడ్డించుకొనవలెను. చిక్కు అక్కడనే వచ్చినది. అత్తగారు కుర్చీ వెనుక నిలువబడి, "మీరు తినుండ్రి బిడ్డా, నేను ఎన్క తింటా" అన్నది. మావారు చెప్పిరి, మనుమరాలు చెప్పినది, వినలేదు. "నేను కూసుంటే మీకు చూసెటోళ్లెవరు?" అని ఆమె ప్రశ్న. అచటి పరిచారకుడొకడు బుద్ధిమంతుడు. మాటలాడక కుర్చీ వెనుకకు లాగి, చేతులు కట్టుకొని నిలిచినాడు. పరాయివాడు నిలుచుండగా ఆమెకు కూర్చుండక తప్పినది కాదు. మా యింట ఆమె అందఱికంటె ముందు కంచము ముట్టుట నేను కాపురమునకు వచ్చిన తరువాత అదియే మొదలు.

ఆ దినము శనివారము. నరసింహస్వామి మా యింటివేల్పు గనుక శనివారము మేము మాంసము, చేపలు ముట్టము. ఇట్టి విందులకు పోవు సోదరీమణులు ఒక సంగతి గమనింపవలెను. థాయి వంటలలో కూరగాయలతో చేసినదైనంత మాత్రమున అది శాకాహారమని నమ్మరాదు. మనము ఉప్పు వేయుచోట వారు "నామ్ ప్లా" అను చేపల ద్రవమును పోయుదురు. చేపలను ఉప్పులో నెలల తరబడి మాగవేసి దానిని తీయుదురు. కూరలకు నూఱు ముద్దలోను తఱచుగా ఎండిన రొయ్యల ముద్ద చేరును. సిగ్గుపడక వంటవారిని పిలిచి అడుగుట మేలు. అడిగినచో సోయా రసముతో వేఱుగా చేసియిత్తురు. మేమట్లే చేయించుకొంటిమి. బల్లల మీది పలకలు ఆంగ్లముననే యుండి, ఏది దేనితో చేసినదో అందులో లేకుండుట మాత్రము నాకు నచ్చలేదు.

శాలకు ఒక మూలనుండి దంచుచున్న చప్పుడు వినవచ్చెను. అత్తగారు తల యెత్తినది. అచట థాయి వంటామె యొకతె మట్టిరోటిలో కట్టెరోకలితో పచ్చి బొప్పాయి తురుమును నలుగగొట్టుచున్నది. పచ్చిమిరప, పల్లీలు, నిమ్మరసము, చింతపండు, తాటిబెల్లము. ఆ వంటకము పేరు "సోమ్ తమ్". ఇది లావోసునను, థాయిలాండు ఈశాన్య భాగమునను ఇంటింట చేయునది. ఆ సీమను వారు "ఇసాన్" అందురు. మన ఈశాన్యమునకు మూలమైన సంస్కృతపు మాటయే అది. వానలు నమ్మరాని మెట్టసీమ, మన తెలంగాణము వంటిదే. అట్టి నేలలో స్త్రీలు కొంచెము కాయకు చాలినంత కారము, పులుపు చేర్చి అన్నమునకు రుచి తెత్తురు. మన రోటి తొక్కు పుట్టుకయు నింతియే కదా! మఱొక వింత: బొప్పాయి, మిరప, పల్లి, ఈ మూడును అమెరికా ఖండమునుండి వచ్చినవే. మిరపను పోర్చుగీసువారు 16వ శతాబ్దమున మన తీరమునకు దెచ్చిరి. అంతకుముందు మనకు కారమనగా మిరియమే.

అత్తగారు లేచిపోయి ఆ రోటిదగ్గఱ నిలిచినది. ఒకరి భాష యొకరికి రాదు. వంటామె మిరపకాయలు చూపి, ఎన్నియని వ్రేళ్లతో అడిగినది. అత్తగారు అయిదు వ్రేళ్లును చూపెను. వంటామె నవ్వి రోకలి ఆమె చేతికిచ్చినది. రెండు దెబ్బలు వేసి, "మెత్తగ దంచుతలేదు, కచ్చపచ్చ గొడుతున్నది. మంచి చేయి" అని మాతో చెప్పినది. ఇంతకంటె పెద్ద మెప్పు ఆమె నోట నేనెఱుగను.

బర్మా బల్లపై తేయాకు తొక్కు ఉన్నది. తేయాకును త్రాగుటయే కాక, పులియబెట్టి నువ్వులతో, వేయించిన పప్పులతో కలిపి తినుట ఆ దేశపు వాడుక. నాకు కొంచెము వగరనిపించినది. సెనగపిండిని ఉడికించి గడ్డకట్టించి కోసిన ముక్కలు మాత్రము మన పిట్లకు చెల్లెండ్రవలె నున్నవి. ఒకప్పుడు రంగూనున వేలకొలది తెలుగువారు నివసించిరి. కోరంగి రేవునుండి ఓడలెక్కిరి గనుక అచట వారికి కోరంగీలని పేరు. 1942లో జపానువారి దాడికి వెఱచి ఎందఱో అడవులలో కాలినడకన మరలివచ్చిరి. ఆ బల్లవద్ద ఈ మాట చెప్పువారెవరును లేరు.

ఖర్చు సంగతి దాచనేల? ఒక్కొక్కరికి రెండువేలకు పైబడినది, పన్ను వేఱు. లెక్క కాగితములో సేవారుసుమని యొక వరుస కనబడినయెడల దానిని తీసివేయుమని అడుగవచ్చును. ఆ రుసుమును నిర్బంధముగా చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో నియమము చేసినది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దానిని సమర్థించినది. పరిచారకునికి మెచ్చి యిచ్చునది వేఱు మాట. కుర్చీ లాగిన యా పిల్లవానికి అత్తగారే కొంగుముడి విప్పి యిచ్చినది.

ఊరు చేరిన మఱునాడు పెరటి బొప్పాయి కాయ తెగినది. తాటిబెల్లము లేదు గనుక చెఱకు బెల్లము, చేపరసమునకు బదులుగా ఉప్పు, నిమ్మరసము విడిచి చింతపండే. అత్తగారు కచ్చపచ్చగా దంచి, తొలి ముద్ద రోటిదగ్గఱనే తాను తినినది. ఉప్పు సరిపోయినదా యని నేనడుగగా, "నువ్వు కూసోని తిని చూడు" అని గిన్నె నావైపు జరిపినది.