లేదనుటయు విద్యయే

వనపర్తిలోని మా యింట మొన్నటి సెలవులలో మా యమ్మాయి తన ప్రయోగముల పుస్తకమును మా ముందుంచి కన్నీరు పెట్టుకొనెను. ప్రయోగమున రావలసిన సంఖ్య రాకపోగా, చెలికత్తె పుస్తకములోని సంఖ్యను దిగవ్రాసికొని, ఉపాధ్యాయురాలి మెప్పు పొందెనట. "నాకు వచ్చినదే వ్రాసిన మార్కులు పోవునమ్మా!" అనెను. మేము కావ్యపురాణములు ఇంట చదువుకొన్నవారమే గాని ప్రయోగముల నెరుగము. పోనిమ్మని ఓదార్చితిమి. ఆ రాత్రి, బడిపంతులైన మా వారు మా యిద్దరికిని ఒక సంగతి వినిపించిరి. సోదరీమణులారా, దానినే మీకు విన్నవించుచున్నాము.

నక్షత్రములు పుట్టకమునుపు విశ్వమంతయు హైడ్రోజను, హీలియము వాయువులతో నిండియుండెను. హైడ్రోజను 21 సెంటీమీటర్ల రేడియో తరంగమును వెలువరించుటయో, గ్రహించుటయో చేయును. తొలి నక్షత్రములును, వాని సమూహములైన గెలాక్సీలును పుట్టి, ఆ వాయువును కాచి, పరమాణువులను విడగొట్టినకొలది ఆ తరంగము హెచ్చుతగ్గులు పొందెను. విశ్వము వ్యాకోచించుటచే అది 1,250 కోట్ల యేండ్లకు పైగా పయనించి, సాగి, కొన్ని మీటర్ల పొడవై నేడు మనకందును. కాని మన పాలపుంత చేయు రొద దానికి వేలరెట్లు పెద్దది. పెండ్లి బాజాల నడుమ తొట్టిలోని పసికందు ఊపిరిని ఆలకించుటవంటి పని యది.

బెంగుళూరునందలి రామన్ పరిశోధనాలయమువారు ఇందులకై 'సారస్' అను యంత్రమును నిర్మించిరి. రెండవ సారస్‌ను మన తెలుగుసీమలోనే, నాటి అనంతపురము జిల్లాలోని టింబక్టులో నిలిపి, రాత్రులందు 63 గంటలు వినిరి. సంకేతము చిక్కలేదు. అయినను శ్రమ వృథా కాలేదు. ఆదికాల విశ్వమునకు పండితులు గణించియుంచిన నమూనాలలో, వాయువు మిక్కిలి కొలదిగా కాగి, శీఘ్రముగా విడిపోయెనను తెగవానికి బలము లేదని 2017లో ప్రకటించిరి.

2018లో అమెరికా పండితులు, ఆస్ట్రేలియాలోని తమ యంత్రమునకు తొలి నక్షత్రముల జాడ చిక్కినదనిరి. దానిని పరీక్షింప మూడవ సారస్ 2020లో కర్ణాటకమున దండిగానహళ్ళి చెరువుపైనను, శరావతి జలములపైనను తేలుచు వినెను. నేల పొరలు తరంగములను పలురీతుల మరల్చి భ్రాంతి గొల్పును. మన సరళాసాగరము వంటి నిండు జలాశయమున నీరు ఏకరీతిగా నుండును. ఆ జాడ వారికి కానరాలేదు. రాలేదనియే, నూటికి తొంబదియైదు పాళ్ళ నమ్మకముతో, 2022లో లోకమునకు చెప్పిరి.

ఇట్టి సంగతి యేది విన్నను "ఇది మన పురాణములలో నున్నదే" అనుట మాకలవాటు. నాడు ఆ మాట నోటనే నిలిచిపోయెను. రానిదానిని వచ్చినదనుట మా బిడ్డ మార్కులకై చేసిన పని. మేము గొప్పకై యెన్నేండ్లుగనో చేయుచున్న పని.

బడి తెరచిన దినమున అమ్మాయి నిజము చెప్పి, ప్రయోగము మరల చేసి, తనకు వచ్చిన సంఖ్యనే వ్రాసెను. మార్కులు తగ్గినవి. ఆ పుటను మాత్రము మా వారు రెండుమారులు చదివి, మాటాడక బిడ్డ తల నిమిరిరి.