ఇరవై రూపాయల బాకీ

జిల్లా పేజీల్లో ఆ వార్తకు ఒక స్థిరమైన శీర్షిక ఉంది. ప్రియుడి ఇంటి ముందు ప్రియురాలి మౌనపోరాటం. ఊరు మారుతుంది, అమ్మాయి వయసు మారుతుంది, ఫోటో మాత్రం ఒక్కటే. తాళం వేసిన తలుపు, గడప ముందు చాప, చున్నీని ముఖం మీదికి లాక్కున్న ఒక మనిషి, చుట్టూ పిల్లలు. ఇలాంటి కత్తిరింపులు నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి. పరిశోధన కోసమని పోగేశాను గానీ థీసిస్‌లో వాటికి చోటు దొరకలేదు. అది సాహిత్యం కాదన్నారు. నిజమే కావచ్చు. అయితే ఆ వార్తలు రాసేవాళ్లు మాత్రం దాన్ని కథగానే, అందులోనూ హాస్యకథగానే రాస్తారు. "ప్రియుడు జంప్", "ముఖం చాటేశాడు", "గుమ్మం ఎక్కి కూర్చుంది". ఒక మనిషి నాలుగైదేళ్ల జీవితం వాకిట్లో పడి ఉంటే, ఆ మాటల్లోని చమత్కారానికి నాకు ఎప్పుడూ చలి పుట్టేది.

ఆ మాట మనకు బాగా అలవాటు కావడంలో 1989లో వచ్చిన 'మౌనపోరాటం' సినిమా పాత్ర తక్కువది కాదు. ఒరిస్సాలో ఒక గిరిజన స్త్రీ నిజ జీవితం ఆధారంగా ఉషాకిరణ్ మూవీస్ తీసింది. యమున నటించింది. అడవిలోకి ఉద్యోగానికి వచ్చినవాడు మాటిచ్చి, బిడ్డనిచ్చి వెళ్లిపోతే, తనకూ బిడ్డకూ గుర్తింపు కావాలని ఆమె కూర్చుంటుంది. సినిమా వెళ్లిపోయింది, పేరు మాత్రం విలేకరుల దగ్గర ఉండిపోయింది. నిజానికి ఈ పోరాటాల్లో మౌనంగా ఉండేవాళ్లెవరూ నాకు కనబడలేదు.

మా నారాయణఖేడ్‌లో అయితే అసలే కుదరదు. అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర. ఒక్క వాకిట్లో మూడు భాషల తిట్లు వినొచ్చు. నేను దగ్గర నుంచి చూసిన పోరాటం మా ఇంటికి నాలుగు గల్లీల అవతల జరిగింది. ఆమె పేరు రాయను. జాకెట్లు కుట్టేది. అతను బీదర్‌లో పనిచేసేవాడు, వారానికోసారి వచ్చేవాడు. నాలుగేళ్లు నడిచింది. మధ్యలో అతని చెల్లెలి పెళ్లికి పదకొండు జాకెట్లు కుట్టింది, కూలి తీసుకోలేదు. ఆ తర్వాత అతను "మా ఇంట్ల కులం కాదంటున్నరు" అన్నాడు. కులం సంగతి నాలుగేళ్ల కింద తెలియదా అంటే జవాబు లేదు.

ఆమె చాపతో పాటు కుట్టు సంచి కూడా తెచ్చుకుని అతని వాకిట్లో కూర్చుంది. పెళ్లిళ్ల కాలం, ఆర్డర్లున్నాయి మరి. మిషన్ మీద కుట్టాల్సింది ఇంటి దగ్గర తమ్ముడికి అప్పజెప్పి, హుక్కులు, హెమ్మింగు అక్కడే చేసుకుంది. రెండో రోజుకల్లా జాకెట్ల వాళ్లంతా అతనింటికే వచ్చి కొలతలు సరిచూసుకుంటున్నారు. అతని తల్లి తలుపు సందులోంచి చూసి చూసి, ఎండకు తట్టుకోలేక చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టింది. పెట్టి తిట్టింది. ఊరంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఎందుకు రాదు? పెద్దమనుషులు లక్ష దగ్గర మొదలుపెట్టి రెండు లక్షల దాకా పెంచారు. ఆమె సూది దారం ఎక్కిస్తూ వినలేదట. మూడో రోజు సాయంత్రం పెళ్లి ఒప్పుకున్నారు, గుళ్లో దండలు మార్పించారు.

చాలా నెలల తర్వాత, జాకెట్టు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు అడిగాను. నీకు నిజంగా ఆ మనిషి కావాలా అని. ఆమె నన్ను కాస్త జాలిగా చూసింది.

"గాయన కావాల్నని కూసోలేదక్కా. నాలుగేండ్లు లేనే లేవన్నడు. నేనే మనసుల అనుకున్ననంట. గది అబద్ధమని గల్లీల అందరికీ తెల్వాలె. గంతే."

"మరి పెళ్లెందుకు చేసుకున్నవు?"

"వాళ్లు ఇస్తమన్నది గదొక్కటే గదక్కా. పైసలన్నా, పెండ్లన్నా. ఉన్న మాట ఉన్నదనే బేరమే పెట్టలే ఎవ్వరు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. దానికి కారణం ఉంది. హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్నప్పుడు నాకూ ఆరేళ్ల సంబంధం ఒకటి ఉండేది. తోటి పరిశోధకుడే. స్త్రీవాదం మీద పత్రాలు చదివేవాడు, బాగానే చదివేవాడు. పెళ్లి ఒక పితృస్వామ్య వ్యవస్థ కనుక మనకు అక్కర్లేదనేవాడు. నాకూ సమ్మతమే. అతని థీసిస్ 312 పేజీలు, రెండుసార్లు ప్రూఫు దిద్దాను. అది సమర్పించిన నెలకే అతనికి నిశ్చితార్థమైంది. కట్నం కాదట, వాళ్లు సంతోషం కొద్దీ ఇస్తున్నారట. మిత్రులు నన్ను చూసి ఆశ్చర్యపోయారు. "మీరు మంచి స్నేహితులు అనుకున్నామే!" అన్నారు. అతను ఆ మాటను సరిదిద్దలేదు.

నేను వాకిట్లో కూర్చోలేదు. ఒక బిల్లు రాశాను. డి.టి.పి. సెంటర్ల రేటు ప్రకారం పేజీకి 15 రూపాయలు, రెండు విడతలకు 624 పేజీలు, మొత్తం 9,360 రూపాయలు. ఒత్తులకూ దీర్ఘాలకూ విడిగా వేయలేదు. అరగంటలో డబ్బు ఖాతాలో పడింది. వివరం అన్నచోట 'ప్రూఫు చార్జీలు' అని రాశాడు. ఆరేళ్లకు నా దగ్గరున్న ఒకే ఒక్క లిఖిత సాక్ష్యం అదే. దీన్ని చిల్లరతనమన్న మిత్రురాళ్లున్నారు. నాకు అప్పుడూ అలా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

చట్టం కూడా ఈ సాక్ష్యం దగ్గరే తడబడుతూ వచ్చింది. 2003లో ఉదయ్ కేసులోనూ, 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ కేసులోనూ సుప్రీంకోర్టు ముందున్న చిక్కు ఇదే. మొదటినుంచే అబద్ధమైన వాగ్దానం వేరు, తర్వాత తప్పిన వాగ్దానం వేరు అని 2019 తీర్పు స్పష్టంగా విడదీసింది. 2024 జూలై 1 నుంచి అమలులోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 69వ సెక్షన్ విడిగా వచ్చింది. నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి చేసుకుంటానని నమ్మించి లైంగిక సంబంధం పెట్టుకుంటే పదేళ్ల దాకా శిక్ష. కానీ మాటిచ్చిన రోజున అతని మనసులో ఏముందో ఆమె నిరూపించాలి. జాకెట్లు కుట్టే మనిషి అడిగింది అతని మనసు గురించి కాదు. తన నాలుగేళ్ల గురించి.

ప్రతీకారం అనే మాటను ఆడవాళ్ల విషయంలో వాడేటప్పుడు నాకు వరంగల్ గుర్తొస్తుంది. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. మగవాడికి 'కాదు' అన్న జవాబు వస్తే జరిగేది అది, దానికి మన పత్రికలు 'ప్రేమోన్మాదం' అని పేరు పెట్టాయి. అందులో ప్రేమ ఎక్కడుందో నాకు తెలియదు. ఆడది చాప పరుచుకుని కూర్చుంటే మాత్రం 'రచ్చ' అంటాం.

ఇదంతా కన్యాశుల్కం పాఠం చెబుతున్నప్పుడు మళ్లీ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. 1909 నాటి రెండో కూర్పులో మధురవాణి చివరికి గిరీశం అసలు రంగు సౌజన్యారావు ముందు బయటపెడుతుంది, బుచ్చమ్మతో అతని పెళ్లి ఆగిపోతుంది. విమర్శకులు దీన్ని ఆమె ఔదార్యమన్నారు, సంస్కారమన్నారు. అందులో తనను వదిలిపోయిన మనిషి మీద కాస్త కసి కూడా ఉందని ఒప్పుకుంటే మధురవాణి తగ్గిపోతుందా? నాకైతే పెరుగుతుంది. ఆమె అతన్ని వెనక్కి అడగదు. అదీ నాకు ముఖ్యం.

కానీ మా పిల్లలకు పట్టింది మధురవాణి కాదు, పూటకూళ్లమ్మ. ఇక్కడి డిగ్రీ విద్యార్థినుల్లో కొందరి ఇళ్లలో మరాఠీ, కొందరి ఇళ్లలో కన్నడం, తండాల నుంచి వచ్చేవాళ్లకు లంబాడీ. విజయనగరం తెలుగు వాళ్లకు ఎంత దూరమో చెప్పనక్కర్లేదు. అయినా చీపురుకట్ట ఘట్టానికి అనువాదం అవసరం పడలేదు. గిరీశానికి అన్నం పెట్టి, పడకిచ్చి, సామాను కొనుక్కురమ్మని ఇరవై రూపాయలిచ్చిన విధవ, ఆ డబ్బు మధురవాణి కింద ఖర్చయిందని తెలిసి వెతుక్కుంటూ వస్తుంది. మంచం కింద దాక్కున్న రామప్పపంతులుకు దెబ్బలు తగులుతాయి. నూరేళ్లకు పైగా తెలుగువాళ్లు నవ్విన చోటు అది. ఆమెకు పేరు కూడా లేదు, వృత్తే పేరు.

తరగతి కూడా విరగబడి నవ్వింది. నవ్వులు సద్దుమణిగాక వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడం, గా ఇరవై రూపాయలు మల్ల ఇచ్చిండా?" అంది.

ఇవ్వలేదన్నాను.

పక్కనున్న పిల్ల అప్పటికే నోటుబుక్కు వెనక పేజీ తిప్పి, అప్పట్లో నూటికి వడ్డీ ఎంతుండేదని నన్ను అడుగుతోంది.