మూడు గదులు, పన్నెండు మంది

ఈసారి మొక్కజొన్న గురించి రాస్తానని పోయిన పోస్టులో చెప్పాను. కాటా అయింది, డబ్బులు కూడా పడ్డాయి, అంతకు మించి చెప్పేదేం లేదు. ఆ డబ్బుల్లో కొంత పెట్టి మే నెలలో అందరం సూర్యలంక వెళ్లొచ్చాం. అక్కడ రెండు రాత్రుళ్లు ఎవరు ఎక్కడ పడుకోవాలి అనే దాని మీద మా ఇంట్లో జరిగింది ఇవాళ రాస్తాను. ఇదీ ఒక విషయమేనా అని మీకు అనిపించొచ్చు. నాకూ మొదట అట్టాగే అనిపించింది.

మాది రేపల్లె పక్క పల్లెటూరు. అక్క వాళ్లు తెనాలిలో ఉంటారు. తమ్ముడు హైదరాబాద్‌లో. సంక్రాంతికి అందరూ మా ఇంటికొస్తారు గానీ ఆ రోజుల్లో నేను ఇంట్లో ఉండేది తక్కువ, పొలంలో ఉండేది ఎక్కువ. వేసవిలో అయితే చేతులు ఖాళీ. పైగా అమ్మ, "సముద్రం చూసి ఎన్నాళ్లయిందో రా" అని రెండేళ్ల నుంచి అంటోంది. ఆమెకి 78 ఏళ్లు, ఇంకెప్పుడు చూపిస్తాం?

తమ్ముడు వాళ్లు రైల్లో వచ్చి తెనాలిలో దిగారు. మేం రేపల్లె ప్యాసింజర్‌లో తెనాలి చేరాం. అక్కడ అందరం కలిసి బాపట్ల బండెక్కాం. బాపట్ల నుంచి సముద్రానికి 9 కిలోమీటర్లు, మూడు ఆటోలు మాట్లాడుకున్నాం. ఉండటానికి మూడు ఏసీ గదులు. ఒక్కో దాంట్లో ఒక పెద్ద మంచం, అడిగితే కింద పరుపులు వేస్తారు. నాలుగోది అడిగితే శని ఆదివారాలు కదా, లేదన్నారు.

మా లెక్క చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పెద్దవాళ్లం ఏడుగురం: అమ్మ, నేను, నా భార్య, అక్క, బావ, తమ్ముడు, మరదలు. పిల్లలు ఐదుగురు. అక్క కొడుక్కి 17, ఇంటర్ అయింది. వాడి చెల్లెలికి 13. మా అమ్మాయికి 16. తమ్ముడి కొడుక్కి 14, కూతురికి 10. మా పెద్దవాడు ఉద్యోగంలో ఉన్నాడు, సెలవు దొరకలేదు.

సామాను దించకముందే పిల్లలు ఒక మాట మీదున్నారు. "ఒక గది మాకిచ్చెయ్యండి, ఐదుగురం అందులోనే ఉంటాం" అన్నారు. పేకముక్కలు కూడా తెచ్చుకున్నారు. నా భార్య అక్కడే కుదరదంది. "ఈడొచ్చిన పిల్లలు, అందరూ ఒక గదిలో ఏంటి?" అని. దానికి అక్క నవ్వుతూ, "ఎటూ మా ఇంటికి రావాల్సిన పిల్లేగా. మూడు ముళ్లూ పడేదాకా ఆగమనండి" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. మేనల్లుడు బ్యాగు అక్కడే వదిలేసి సముద్రం వైపు వెళ్లిపోయాడు. మా అమ్మాయి చెప్పు పట్టీ సర్దుకోవడానికి వంగింది, ఎంతసేపటికీ లేవలా.

వరసల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఉత్తరాదిలో మేనత్త పిల్లలైనా, మేనమామ పిల్లలైనా అన్నాచెల్లెళ్ల కిందే లెక్క. మన దగ్గర అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెళ్లు, అక్క పిల్లలూ తమ్ముడి పిల్లలూ బావామరదళ్లు. మా అమ్మాయి ఉయ్యాల్లో ఉండగానే అమ్మ, "ఇది నా మనవడికే" అనేసింది. ఆ తర్వాత ప్రతి పండక్కీ ఎవరో ఒకరు ఆ మాట అంటూనే ఉన్నారు. అక్కా బావదీ మేనరికమే. బావ మా మేనత్త కొడుకు. ఆ వరస ప్రకారం చూస్తే తమ్ముడి కొడుకూ అక్క కూతురూ కూడా బావామరదళ్లే, కానీ వాళ్లు చిన్నవాళ్లని ఎవరూ ఏమీ అనరు. 14, 13 చిన్న వయసెట్టా అయిందో, 16, 17 పెళ్లి ముచ్చట వయసెట్టా అయిందో నాకు అర్థం కాదు.

మా చిన్నప్పుడు ఈ గదుల గొడవే లేదు. వేసవిలో సాయంత్రం డాబా మీద నాలుగు బిందెలు నీళ్లు చల్లేవాళ్లు. చీకటిపడ్డాక చాపలు, వాటి మీద బొంతలు. ఒక పక్క ఆడవాళ్లు, ఒక పక్క మగవాళ్లు, మధ్యలో పిల్లలం ఎవరి పక్కన చోటుంటే వాళ్ల పక్కన. తాతయ్య మాత్రం కింద పంచలో నులక మంచం మీద. పెద్దమనిషి అయిన ఆడపిల్లలు డాబా ఎక్కేవాళ్లు కాదు. లోపల గదిలో, మే నెల ఉక్కలో, కిటికీ కూడా వేసేసుకుని నానమ్మ పక్కన పడుకునేవాళ్లు. అక్కకి 13 వచ్చిన ఏడాది అమ్మ ఒక రోజు పైకొచ్చి, "నువ్వు కిందికి రా" అంది. బొంత చంకన పెట్టుకుని అక్క మెట్లు దిగుతూ ఏడ్చింది. నాకు తొమ్మిదో పదో. నాకు అర్థమైందల్లా అక్క చోటు కూడా నాకే వచ్చిందని.

సరే, సూర్యలంకకి వస్తాను. మొదటి రాత్రి పెద్దవాళ్లమే సర్దేశాం. ఆడవాళ్లకి రెండు గదులు, మగవాళ్లకి ఒకటి. పిల్లల్ని ఎవరూ అడగలా. అక్క, "కోడలా, ఇట్టా రా, నా పక్కన పడుకో" అని మా అమ్మాయిని లాక్కెళ్లింది. అక్కకి అదంటే ప్రాణం. అందులో నాకు అనుమానం లేదు.

పొద్దున్నే అమ్మని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాం. పాదాలు తడవగానే చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో పుట్టి మొక్కజొన్న అమ్మినా తప్పు లేదు. అప్పుడు చూశాను మా అమ్మాయిని. కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఏంటమ్మా అంటే ఏంలేదంది. కాసేపు ఇద్దరం సరుగుడు తోపు వైపు నడిచాం. అక్కడ చెప్పింది.

"రాత్రి అత్త నిద్రపోనివ్వలేదు నాన్నా. తల దువ్వింది. మేడ మీద కొత్త గది వేయిస్తున్నారంట, దానికి ఏ రంగు వేయించాలో చెప్పమంది. నేను డిగ్రీ చదువుతానంటే, మా ఇంట్లో ఉండి చదువుకోవచ్చులే అంది. నేనేం మాట్లాడాలి? చిన్నప్పుడు బావా నేనూ కొట్టుకునేవాళ్లం, ఆడుకునేవాళ్లం. ఇప్పుడు వాడితో నీళ్ల సీసా ఇవ్వమని అడిగినా అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వుతారు. నువ్వూ నవ్వుతావు."

చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. నవ్వింది నిజమే కదా.

మధ్యాహ్నం అక్కని పక్కకి పిలిచాను. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. మెల్లగా చెప్పాలనుకుని, అలవాటు లేక ఒక్కసారే చెప్పేశాను. "అక్కా, ఆ కోడలా అనే పిలుపు మానెయ్. ఆ పెళ్లి మాట కూడా. పిల్ల ఇబ్బంది పడుతోంది."

అక్క చేతిలో కాయలు పొట్లంలో పడేసింది. "అమ్మ ఇచ్చిన మాటరా. ఇప్పుడు మా వాడు మీ కళ్లకి ఆనట్లేదా?" అంది. ఆనకపోవడం కాదు, వాడు బంగారం అన్నాను. మీ ఇద్దరిదీ మేనరికం, మళ్లీ వీళ్లదీ అదే అయితే రెండు తరాలు వరసగా పడుతుంది, అట్టాంటి చోట పిల్లలకి చెవుడు లాంటివి వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు కదా అన్నాను. పడ్డకి దాని తండ్రి దున్నని కట్టించకూడదని పశువుల డాక్టర్ చెబితే వింటాం, మన పిల్లల దగ్గరికొచ్చేసరికి వినం. ఈ పోలిక అక్కతో అనలేదులెండి, మీతో అంటున్నాను. చట్టం ఒప్పుకుంటుందిగా అంది అక్క. ఒప్పుకుంటుంది నిజమే. 1955లో వచ్చిన హిందూ వివాహ చట్టం దగ్గర చుట్టరికాలు కూడదంటూనే ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది. అందుకే మన మేనరికాలు చెల్లుతున్నాయి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే చాలు. కానీ ఇక్కడ చట్టం గొడవ కాదు, దానికి నిద్రపట్టని గొడవ అన్నాను.

"మమ్మల్నీ అట్టాగే అన్నారు. మేం బతకలేదా?" అని లేచి వెళ్లిపోయింది. సాయంత్రం దాకా నాతో మాట్లాడలా. బావకి విషయం తెలిసి, "మీ అక్కాతమ్ముళ్ల మధ్య నేను రాను" అని తమ్ముడితో కలిసి చేపల దగ్గరికి వెళ్లాడు. అమ్మ మాత్రం, "నేనెప్పుడో ముద్దుకన్న మాటరా అది. పట్టుకుని కూర్చోమన్నానా?" అంది. పదహారేళ్లు మోసిన మాట! ముందే ఈ ముక్క అనుంటే పోయేది కదా.

రెండో రాత్రి పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టాను. ఐదుగురూ ఒక గది అనేది మాత్రం వద్దు, మిగతాది మీరే చెప్పండి అన్నాను. మొదట ఎవరూ నోరు విప్పలా. నా భార్య ఒక్కొక్కళ్లనీ విడిగా బయటికి తీసుకెళ్లి అడిగింది. అదీ పద్ధతి, నాకు తట్టలేదు. అందరి ముందూ అడిగితే వాళ్లేం చెబుతారు?

మా అమ్మాయి, నానమ్మ దగ్గర పడుకుంటానంది. అక్క కూతురు ఆ గదిలోనే, గోడ పక్కన చోటు అడిగింది. తలుపు గడియ లోపల వేసుకోవచ్చా అని కూడా అడిగింది. వేసుకోమన్నాం. పదేళ్లదానికి వాళ్లెక్కడుంటే అక్కడ. మేనల్లుడు ఏసీ వద్దు, వరండాలో పడుకుంటానన్నాడు. తమ్ముడి కొడుకు తల వంచుకుని, "నేను నిన్నటి గదిలో పడుకోను" అన్నాడంట. తమ్ముడికి కోపం వచ్చింది. "ఎందుకురా? గురకకేనా? రెండు గంటలు ఓర్చుకోలేవా?" అని మొదలుపెట్టాడు. నేను ఆపాను. వాడిని ఏమీ అడక్కుండా, నువ్వూ వరండాకి వచ్చెయ్ రా అన్నాను.

ఎందుకు అడగలేదో ఇక్కడ చెబుతాను. ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు. నాకు పన్నెండేళ్లప్పుడు ఒక చుట్టాల పెళ్లికి వెళ్లాం. మగపిల్లలు మగవాళ్ల వైపే అని నన్ను పందిట్లో పడుకోబెట్టారు. పక్కన ఎవరో పెద్దాయన, తాగి ఉన్నాడు. అర్ధరాత్రి లేచి, పడుకున్నవాళ్లని దాటుకుంటూ లోపలికి పోయి, ఆడవాళ్లు పడుకున్న చోట అమ్మ కాళ్ల దగ్గర ముడుచుకున్నాను. అమ్మకి మెలకువ వచ్చింది. ఎందుకొచ్చావని అడగలేదు. కాళ్లు ముడుచుకుని నాకు చోటిచ్చింది. మన వాళ్లు ఆడపిల్లల్ని ఆడవాళ్లలో, మగపిల్లల్ని మగవాళ్లలో పడుకోబెడితే పని అయిపోయిందనుకుంటారు. మగపిల్లాడి సంగతి అసలు ఎవరూ ఆలోచించరు. తమ్ముడి కొడుకుది ఒట్టి గురక బాధే. మర్నాడు వాడే చెప్పాడు, బావ గురక సముద్రం హోరుని మించిపోయిందని. అయినా అడక్కుండా చోటివ్వడం మంచిదే అయింది.

అట్టా మొత్తానికి అమ్మతో ముగ్గురు ఆడపిల్లలు ఒక గది, అక్కా నా భార్యా మరదలూ ఒక గది, బావా తమ్ముడూ ఒక గది, వరండాలో దోమల కాయిల్ పెట్టుకుని మేం ముగ్గురం. ఏసీ గదులకి అంత డబ్బు పోసి నేను వరండాలో పడుకున్నానని నా భార్య ఇప్పటికీ అంటుంది.

చిన్నవాడు వెంటనే నిద్రపోయాడు. మేనల్లుడు అటూ ఇటూ దొర్లి దొర్లి, చీకట్లో, "మామయ్యా" అన్నాడు. "అమ్మతో మీరన్నది విన్నాను."

"కోపమొచ్చిందా?"

"లేదు. నేను చెప్పలేకపోయాను. చెబితే మీ అమ్మాయిని వద్దన్నానని మీరు బాధపడతారేమో అని."

వాడూ అదే మోస్తున్నాడు. మా అమ్మాయి మనసు ఒక్కటే చూశాను గానీ వాడికీ ఒకటి ఉంటుందని నాకు తోచలేదు. ఏమనాలో తెలియక, దుప్పటి కావాలా అని అడిగాను. వద్దన్నాడు.

మర్నాడు తిరుగు ప్రయాణం. బాపట్లలో రైలెక్కగానే పిల్లలు ఐదుగురూ ఎదురెదురు సీట్లలో ఇరుక్కుని పేకముక్కలు తీశారు. మా అమ్మాయి మేనల్లుడిని తొండి ఆడుతున్నావని చేతి మీద ఒక్కటేసింది. వాడు మళ్లీ కొట్టాడు. అక్క నా ఎదురు సీట్లో కూర్చుని అదే చూస్తోంది. నిడుబ్రోలు దాటాక నాతో మాట్లాడింది.

"నన్ను డాబా మీద నుంచి ఎందుకు దింపారో తెలుసా నీకు?"

పెద్దమనిషి అయ్యావని కదా అన్నాను.

"అది అయ్యి అప్పటికి నాలుగు నెలలు. ఆ రోజు అత్త వాళ్లు వచ్చారు. మీ బావ డాబా మీద పడుకుంటాడని నన్ను దింపారు. అంతకుముందు ఏడాది దాకా ఆయనా నేనూ అష్టాచెమ్మా ఆడుకునేవాళ్లం. ఆ తర్వాత మళ్లీ ఆయనతో మాట్లాడింది పెళ్లి పీటల మీదే. ఎవరన్నా నన్ను అడిగారా?"

బావ కిటికీ పక్కన కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడో, వింటున్నాడో తెలియదు. గురక మాత్రం లేదు.

తెనాలిలో అందరం దిగాం. తమ్ముడు వాళ్లు అక్క ఇంట్లో ఇంకో రెండు రోజులు ఉండి వెళతారు. మా రేపల్లె బండికి ఇంకా టైముంది, మీరెళ్లండి అన్నా అక్క వెళ్లలా. బండి వచ్చి మేం ఎక్కాక ప్లాట్‌ఫాం మీద కిటికీ దగ్గర నిలబడింది. మా అమ్మాయి నీళ్ల సీసా బల్ల మీద మర్చిపోయింది. అక్క అది తీసి, కోడలా అనబోయి ఆగి, పేరు పెట్టి పిలిచి కిటికీలోంచి అందించింది.