ఎడమకు జరిగిన తేదీ

సికింద్రాబాద్‌లో ఒక తరం వాళ్ళను కంప్యూటర్ ఏం నేర్చుకున్నారని అడిగితే వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ అంటారు. వాళ్ళ తర్వాతివాళ్ళు ఎమ్మెస్ ఆఫీసు, టాలీ అంటారు. ఈ రెండు తరాలకూ ముందు టైపు ఇన్‌స్టిట్యూట్లున్నాయి. మెట్లెక్కుతుండగానే రెమింగ్టన్, గోద్రెజ్ మిషన్ల చప్పుడు వినిపించేది. లోయర్ పాసవ్వాలంటే ఇంగ్లిషులో నిమిషానికి 30 మాటలు, హయ్యర్ అయితే 45. కళ్ళు కాగితం మీద, వేళ్ళు మీటల మీద ఉండాలని ఆ మాస్టార్లు పట్టుబట్టి నేర్పించారు. ఆ చదువు మీద నాకు చాలా గౌరవం. యాభై దాటిన సీనియర్ అసిస్టెంట్లు ఇప్పటికీ కీబోర్డు వైపు చూడకుండా లేఖ పూర్తిచేస్తుంటే, నిన్నమొన్న చేరిన పిల్లలు రెండు వేళ్ళతో వెతుక్కుంటూ ఉంటారు.

ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు కంప్యూటర్ పాఠాలు చెప్పే పనిలో ఉన్నాను గనక, ఆ చదువు ఎక్కడ ఆగిపోయిందో కూడా నాకు రోజూ కనబడుతుంది. టైపు మిషను మీద కొట్టిన అక్షరం కాగితం మీద పడుతుంది. కాగితం మీద కనిపించిందే ఉన్నది, అంతకు మించి ఏమీ లేదు. కంప్యూటర్ అలా కాదు. తెర మీద కనిపించేది వేరు, లోపల అది దాచుకునేది వేరు. మన ఆఫీసుల్లో పని పాడైపోయిన చోట తొంభై పాళ్ళు ఈ తేడా తెలియకపోవడమే కారణమని నా అభిప్రాయం. కోర్సుల్లో మాత్రం ఏ మెనూలో ఏ బొత్తాం ఉందో చెబుతారు. కొత్త వెర్షన్ రాగానే ఆ బొత్తాలు చోటు మారిపోతాయి, కష్టపడి రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోతుంది.

ఎక్సెల్లో తేదీ సంగతే చూడండి. 05/04/2024 అని కొడతాం. మన లెక్కలో అది ఏప్రిల్ 5. విండోస్ ఎక్కించిననాడు రీజియన్ ఎవరూ మార్చకపోతే అమెరికా ఇంగ్లిషే ఉండిపోతుంది. అప్పుడు ఎక్సెల్ దాన్ని మే 4గా తీసుకుంటుంది. చూడటానికి మనం కొట్టిన అంకెలే ఉంటాయి గనక ఎవరికీ అనుమానం రాదు. దాని కింద గడిలో 15/04/2024 కొడితే పదిహేనో నెల లేదు కాబట్టి, అది తేదీ కాదు, వట్టి అక్షరాలు అనుకుని వదిలేస్తుంది. ఇలా ఒకే నిలువు వరసలో సగం తప్పు తేదీలు, సగం తేదీలే కానివి చేరతాయి. రిటైర్మెంటు జాబితాను తేదీల వారీగా పేర్చమంటే తలకిందులైన వరస ఒకటి వస్తుంది. కంప్యూటర్ పాడైందని సిస్టమ్ సెక్షన్‌కి ఫోను చేస్తారు.

దీన్ని పట్టుకోవడానికి ఏ సూత్రమూ అక్కర్లేదు, కన్ను చాలు. ఎవరూ ముట్టుకోని షీట్లో ఎక్సెల్ అంకెల్నీ తేదీల్నీ కుడివైపుకు, అక్షరాల్ని ఎడమవైపుకు జరుపుతుంది. వరసలో ఏదైనా తేదీ ఎడమకు జరిగి కూర్చుందంటే అది తేదీ కాదన్నమాట. అందుకే షీటు మొదలుపెట్టగానే అందం కోసం అన్నిటినీ మధ్యకు జరపవద్దని ప్రతి క్లాసులో బతిమాలుతాను. ఆ అందం కోసం యంత్రం ఇచ్చే ఒక్క హెచ్చరికనూ చెరిపేసుకుంటాం. రీజియన్‌ను ఇంగ్లిష్ ఇండియాకు మారిస్తే కొత్తగా కొట్టే తేదీలు చక్కబడతాయి, లక్షలూ కోట్లూ కూడా మన పద్ధతిలో కామాలతో వస్తాయి. పాతవాటిని మాత్రం ఒక్కొక్కటీ చూసుకుని దిద్దుకోవాల్సిందే.

లోపల తేదీ ఒక సంఖ్య మాత్రమే. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని ఎక్సెల్ రోజులు లెక్కిస్తుంది. 2023 మార్చి 15 దాని దృష్టిలో 45,000. సర్వీసు ఎన్ని రోజులైందో కావాలంటే ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే సరిపోయేది ఇందుకే. ఇందులో ఒక చిత్రమైన పాత బాకీ ఉంది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3, 1900ను లీపు సంవత్సరంగా లెక్కగట్టింది. అది తప్పు. అయినా లోటస్ ఫైళ్ళతో పేచీ రాకూడదని ఎక్సెల్ ఆ తప్పును తెలిసే ఉంచుకుంది. అందువల్ల ఈ రోజుకీ 60 అనే అంకెకు ఎక్సెల్ చూపించేది 1900 ఫిబ్రవరి 29, ఎన్నడూ తెల్లవారని ఒక రోజు.

ఖాతా నంబర్లు ఇంకా ప్రమాదం. ముందు సున్నా ఉంటే ఎక్సెల్ దాన్ని అనవసరమనుకుని తీసేస్తుంది. 15 అంకెలు దాటితే మిగిలినవాటిని సున్నాలు చేస్తుంది. ఖాతా నంబరుతో మనం కూడికలు చేయం, అది చూడటానికి అంకెలే అయినా నిజానికి పేరు. అందుకే కొట్టకముందే ఆ వరసను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. కొట్టాక మారిస్తే పోయిన అంకెలు తిరిగి రావు. జీతాల జాబితా బ్యాంకుకు పంపే సెక్షన్లో ఈ ఒక్క సంగతి తెలిసినవాళ్ళు ఒకరుంటే నెలాఖరున ఎందరి ప్రాణమో కుదుటపడుతుంది.

ఇలాంటివి చిన్న ఆఫీసుల్లోనే జరుగుతాయనుకోనక్కర్లేదు. 2020 అక్టోబరులో ఇంగ్లండులో దాదాపు పదహారు వేల కోవిడ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైల్లో 65,536 అడ్డవరసలకు మించి పట్టవు, మిగిలినవి జారిపోయాయి. అదే ఏడాది మనిషి జన్యువుల పేర్లు నిర్ణయించే శాస్త్రవేత్తలు కొన్ని పేర్లనే మార్చుకున్నారు. మార్చ్1, సెప్ట్1 అని కొడితే ఎక్సెల్ వాటిని మార్చి, సెప్టెంబరు తేదీలుగా మార్చేస్తూ వచ్చింది మరి.

షీటు ఎలా గీయాలో చెప్పడానికి నేను సికింద్రాబాద్ స్టేషన్ రిజర్వేషన్ ఫారాన్ని చూపిస్తాను. పేరుకు ఒక గడి, ఆడా మగా అన్నదానికి ఒకటి, వయసుకు ఒకటి. రైలు నంబరు, ప్రయాణం తేదీ వేర్వేరుగా. ఒక మనిషికి ఒకే అడ్డవరస. ఈ ఊరివాళ్ళు ఆ ఫారాన్ని ఎన్నిసార్లు నింపారో. ఆ క్రమశిక్షణ వెనక పెద్ద చరిత్రే ఉంది. 1985లో సీఎంసీ సంస్థ తయారుచేసిన ఇంప్రెస్ అనే రిజర్వేషన్ పద్ధతి ఢిల్లీలో మొదలైంది. తర్వాత అది పెద్ద కేంద్రాలకు చేరింది కానీ ఏ కేంద్రం లెక్క దానిదే. వాటిని కలపడానికి రైల్వేల సొంత సంస్థ క్రిస్ రాసిన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్‌ను 1994లో మొదట పెట్టింది ఇక్కడే, మన సికింద్రాబాద్‌లో. 1999కల్లా ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ ఒకే వలలోకి వచ్చాయి. ఈ కౌంటరులో నిలబడి హౌరాలో బయలుదేరే బండికి టికెట్టు తీసుకోగలగడం అలా సాధ్యమైంది. ఏ ఊళ్ళో నింపినా వయసు వయసు గడిలోనే, తేదీ తేదీ గడిలోనే ఉండటం వల్లే ఆ వల నిలబడింది.

మన ఆఫీసు షీట్లలో దీనికి పూర్తిగా విరుద్ధం. ‘రామారావు, పు, 54, విజయవాడ’ అని మొత్తం ఒకే గడిలో కుక్కుతారు. మధ్యలో రెండు ఖాళీ వరసలు వదిలి, పైన ఆరు గడులు కలిపేసి శీర్షిక రాస్తారు. సెలవు మంజూరైనవాళ్ళకు పసుపు రంగు, కానివాళ్ళకు ఎరుపు. కాగితం మీద ఇదంతా చక్కగానే కనిపిస్తుంది. రేపు ఆఫీసరుగారు యాభై దాటినవాళ్ళు ఎందరు, సెలవు మంజూరైనవాళ్ళు ఎందరు అని అడిగితే మాత్రం వేలు పెట్టి లెక్కపెట్టుకోవాలి. రంగు మనిషి కంటికి తెలుస్తుంది, మామూలు సూత్రానికి తెలియదు. ‘మంజూరు’ అని ఒక నిలువు వరస పెట్టి అవును, కాదు అని రాసుకుంటే లెక్క క్షణంలో వస్తుంది. రంగు కూడా కావాలంటే ఆ మాటను బట్టి అదే పడేలా చేసుకోవచ్చు. ఇప్పటికే కుక్కేసిన గడుల్ని విడదీయడానికి టెక్స్ట్ టు కాలమ్స్ ఉంది. పక్క నిలువు వరసలో ఒకటి రెండు కొట్టి చూపించి కంట్రోల్ ఈ నొక్కితే మిగతావాటిని అదే పోల్చుకుని నింపుతుంది. తర్వాత కంట్రోల్ టీ నొక్కి మొత్తాన్ని టేబుల్‌గా చేస్తే కింద కొత్త అడ్డవరస చేర్చినప్పుడల్లా సూత్రాలు వాటంతటవే సాగుతాయి.

వర్డ్ గురించి ఎక్కువ చెప్పను. కొత్త పేజీ కోసం ఎంటర్ పదిసార్లు కొట్టవద్దు, కంట్రోల్ ఎంటర్ ఒకసారి చాలు. శీర్షికను లావు చేసి సైజు పెంచడం కాకుండా హెడింగ్ స్టైల్ పెట్టండి, విషయసూచిక అదే తయారుచేసి ఇస్తుంది.

తెలుగు విషయానికొస్తే ఈ లోపలా బయటా తేడా ఇంకా బాధ పెడుతుంది. ఏళ్ళ తరబడి మన డీటీపీ సెంటర్లలో, ఆఫీసుల్లో అను ఫాంట్లతో పని జరిగింది. ఎన్నో పుస్తకాలు, కరపత్రాలు, పెళ్ళి పత్రికలు అలాగే వెలువడ్డాయి, ఆ మేలు మరవలేనిది. అయితే అక్కడ తెర మీద తెలుగు ఉన్నా ఫైల్లో ఉన్నవి ఇంగ్లిషు గుర్తులే. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని చుక్కలూ గీతలూ కనిపిస్తాయి. అందులో ‘పింఛను’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగు అక్షరాలకు సొంత స్థానం ఉంది. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. వీవెన్ చేసిన లేఖిని అనే సాధనంలో ఇంగ్లిషు మీటలతోనే వేలమంది తెలుగు రాయడం నేర్చుకున్నారు. 2019 నుంచి విండోస్ 10లోనే ఉచ్చారణను బట్టి కొట్టే తెలుగు కీబోర్డు ఉంది. ఇంకా పాత పద్ధతిలో ఉత్తర్వులు తయారుచేసి దాచే ఆఫీసు, పదేళ్ళ తర్వాత తనకే దొరకని కాగితాలు పోగుచేస్తోంది. పాతవాటిని మార్చే సాధనాలున్నాయి. మార్చాక వత్తులూ సున్నలూ ఒకసారి కంటితో చూసుకోవాలి, అంతే.

ఇన్ని సంగతులు ఎలా నేర్పాలన్నది మిగిలింది. ఏసీ హాల్లో ఒక రోజంతా కూర్చోబెట్టి స్లైడ్లు చూపించి, భోజనం పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి పంపే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. మర్నాడు సీట్లో కూర్చునేసరికి ఎదురుగా ఉండేది స్లైడులోని నమూనా షీటు కాదు, ముందు క్లర్కు వదిలివెళ్ళిన పాత ఫైలు. అందుకే వచ్చేవాళ్ళను ఎవరి ఫైలు వాళ్ళు తెచ్చుకోమంటాను. పేర్లూ ఖాతా నంబర్లూ తీసేసి, కాపీ చేసుకుని మరీ. వారానికి ఒక గంట, నలుగురైదుగురి కంటే ఎక్కువ వద్దు, సెక్షన్లోనే. అడగడానికి మొహమాటపడే పెద్దవాళ్ళు అలాంటి చోట నోరు విప్పుతారు. పక్క సీటు అమ్మాయిని ‘ఏమ్మా, ఇది ఎడమకు ఎందుకు పోయింది?’ అని అడుగుతారు. ఆ అమ్మాయి చూపిస్తుంది, తనకు రాని టైపింగ్ వాళ్ళ దగ్గర నేర్చుకుంటుంది.

ఒక అకౌంట్స్ సెక్షన్లో ఒకావిడ ఇలాగే తన షీటు తెరిచారు. ప్రతి నెలా మొత్తం తేడా వస్తుంటే క్యాలిక్యులేటర్‌తో కూడి, ఆ అంకెను చేత్తో కొట్టేస్తూ వచ్చారట. మొత్తాల వరసను కలిసి చూశాం. కొన్ని గడుల్లో అంకెలు ఎడమవైపున ఉన్నాయి. ఏదో సాఫ్ట్‌వేర్ నుంచి దించిన జాబితాలోంచి అతికించినవి, అంకెల రూపంలో ఉన్న అక్షరాలు. కూడిక వాటిని దాటుకుంటూ పోయింది. కన్వర్ట్ టు నంబర్ నొక్కగానే అన్నీ కుడికి జరిగాయి, మొత్తం సరిపోయింది. ఆవిడ వెంటనే నిరుటి ఫైళ్ళున్న ఫోల్డరు తెరిచి, ‘ఏప్రిల్ నుంచి చూద్దామా సార్?’ అన్నారు.