వినడానికి కట్టిన ధర

కొలంబస్, ఒహాయో
ఆగస్టు 2025

బావా,

అమ్మాయికి అమెరికా డాక్టరు లైసెన్సు పరీక్ష స్టెప్ 2లో వచ్చిన స్కోరు చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మా ఆవిడ చెల్లెమ్మకు విడిగా ఫోన్ చేస్తానంది. సెప్టెంబరులో రెసిడెన్సీకి, అంటే ఇక్కడి పీజీ శిక్షణకు, దరఖాస్తులు వెళ్లాలి కదా, నువ్వడిగినవాటికి ఫోన్లో ముక్తసరిగా చెప్పడం ఇష్టంలేక ఉత్తరం రాస్తున్నాను. ఫ్యామిలీ మెడిసిన్ చేస్తే ఎంత వస్తుంది, ఇంటర్నల్ మెడిసిన్ మీదుగా కార్డియాలజీకి వెళ్తే ఎంత వస్తుంది, అంత తేడా ఎందుకు అన్నావు. మొదటి రెండింటికీ అంకె చెబితే చాలు. మూడోదాని వెనక మాత్రం ముప్పై ఏళ్లకు పైబడిన కథ ఉంది. అది తెలుసుకోకుండా పిల్ల ఏదీ తేల్చుకోకూడదని నా పట్టుదల.

మెడ్‌స్కేప్ వాళ్లు ఏటా డాక్టర్లను అడిగి ఆదాయాల నివేదిక వేస్తారు. 2024 నివేదికలో ప్రైమరీ కేర్ డాక్టర్ల (ఫ్యామిలీ మెడిసిన్ వాళ్లు ఇందులోకే వస్తారు) సగటు ఏడాదికి 2,77,000 డాలర్లు, స్పెషలిస్టుల సగటు 3,94,000. గుండె డాక్టర్లు, ఎముకల డాక్టర్లు 5 లక్షలు దాటారు. ఫ్యామిలీ మెడిసిన్‌కి 3 ఏళ్ల రెసిడెన్సీ. కార్డియాలజీకి ఇంటర్నల్ మెడిసిన్ 3 ఏళ్లు, పైన ఫెలోషిప్ ఇంకో 3 ఏళ్లు. ఆ అదనపు మూడేళ్లూ ట్రైనీ జీతమే. అయినా ఆ తర్వాత పాతికేళ్ల ప్రాక్టీసు ఉంటుంది కాబట్టి, పోగొట్టుకున్నది తొందరగానే తిరిగొస్తుంది. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే కార్డియాలజీదే పైచేయి. ఇది అమ్మాయికి దాచకుండా చెప్పు.

ఇక ఎందుకు అన్నది. ఇక్కడ 65 ఏళ్లు దాటినవాళ్ల వైద్యానికి డబ్బు కట్టేది మెడికేర్ అని నీకు తెలుసు. డాక్టరు చేసే ప్రతి పనికీ దాని దగ్గర ఒక ధరల పట్టిక ఉంటుంది. ప్రైవేటు ఇన్సూరెన్సు కంపెనీలు కూడా చాలావరకు ఆ పట్టికను పట్టుకునే బేరమాడతాయి. అందుకని అందులో ఏ పనికి ఎక్కువ రాస్తే దేశమంతటా ఆ పనికే డబ్బు. మొదట్లో ఈ పట్టిక లేదు. డాక్టర్లు మామూలుగా ఎంత తీసుకుంటున్నారో చూసి దాన్నిబట్టి ఇచ్చేవాళ్లు. ఆపరేషన్ల రేట్లు పైకి పోయాయి, పేషెంటును కూచోబెట్టి వివరం అడిగి వైద్యం చేసేవాళ్ల రేట్లు వెనకబడ్డాయి. హార్వర్డ్‌లో విలియం షావ్ అనే ఆర్థికవేత్త, ఆయన బృందం ఒక్కో పనికి పట్టే సమయం, శ్రమ, నేర్పు, మనసు మీద పడే ఒత్తిడి కొలిచి పాయింట్లు వేశారు. 1988లో ఆ ఫలితాలు వచ్చాయి. అడిగి, చూసి, ఆలోచించి చేసే వైద్యానికి ఇస్తున్నది తక్కువనీ, కోతకు ఇస్తున్నది ఎక్కువనీ తేలింది. 1989లో చట్టం చేశారు, 1992 జనవరి నుంచి పాయింట్ల పద్ధతి అమల్లోకి వచ్చింది. ఫ్యామిలీ డాక్టర్ల కష్టం గట్టెక్కినట్టే కనిపించింది.

గట్టెక్కలేదు. పాయింట్లను ఎప్పటికప్పుడు సవరించమని సిఫారసు చెయ్యడానికి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1991లో ఒక కమిటీ వేసింది. రక్ అంటారు. ముప్పై మందికి పైగా సభ్యులు. ఎక్కువమంది స్పెషాలిటీ సంఘాల తరఫున కూచునేవాళ్లే. వాళ్ల సిఫారసుల్లో చాలా భాగాన్ని ప్రభుత్వం ఒప్పుకుంటూ వచ్చింది. ఒక పనికి ఎంతసేపు పడుతుందో తేల్చడానికి ఆ పని చేసే డాక్టర్లకే సర్వే కాగితాలు పంపుతారు. నాకు ఇందులో ఎవరి నిజాయితీ మీదా అనుమానం లేదు. కానీ తన పనికి పట్టే సమయాన్ని తానే చెప్పి, ఆ లెక్క మీదే తాను డబ్బు తీసుకునే పద్ధతిలో, నోరున్న సంఘం వైపే త్రాసు మొగ్గుతుంది.

శుక్లం ఆపరేషన్ తీసుకో. మనం గుంటూరులో హౌస్ సర్జన్సీ చేసిన రోజుల్లో కుట్లు, కంటికి కట్టు, వార్డులో రోజుల తరబడి కదలకుండా పడుకోవడం. ఇప్పుడు ఆపరేషన్ ఇరవై నిమిషాల పని, మధ్యాహ్నానికల్లా ఇంటికి. ఎంత గొప్ప సంగతి అది! మా అమ్మకు చూపు అలాగే వచ్చింది. అయితే పని సులువైనంత వేగంగా పాయింట్లు దిగలేదు. 2020లో వాటిని 8.52 నుంచి 7.35కి తగ్గించారు. అందులో తర్వాతి మూడు నెలల చెకప్పులు కూడా కలిసే ఉంటాయని న్యాయంగా ఒప్పుకోవాలి. ఇటు నా గది చూడు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పి, వాటి మీద భర్త పోయిన దిగులు, ఇన్నింటితో డెబ్బై దాటిన ఆవిడ వస్తుంది. అరగంటకు తక్కువ కాదు. ఆ విజిటుకు 2020 దాకా 1.50 పాయింట్లు, 2021 నుంచి 1.92. 2025లో ఒక పాయింటు విలువ 32 డాలర్ల 35 సెంట్లు. ఆ లెక్కన, క్లినిక్ ఖర్చులకు ఇచ్చేది పక్కన పెట్టి, ఒట్టి డాక్టరు పనికే చూస్తే నా అరగంటకు సుమారు 62 డాలర్లు, ఆ ఆపరేషన్‌కు సుమారు 238. ఆ ఆవిడ దిగులు వినడానికి వెనకటి డాక్టరుకు ఎంతసేపు పట్టేదో నాకూ అంతే పడుతుంది. కొత్త యంత్రం వస్తే చేతిపని కుదించుకుపోతుంది, అదే సమయంలో ఇంకో ముగ్గురికి చెయ్యొచ్చు. వినడం కుదించుకుపోదు. ఈ రెండు రకాల డాక్టర్ల ఆదాయాల మధ్య దూరం చాలావరకు ఇక్కడే పుడుతోందని నా గట్టి నమ్మకం.

సవరించబోతే ఇంకో అడ్డు. మొత్తం ఖర్చు 2 కోట్ల డాలర్లకు మించి పెరిగితే ఆ మేరకు అందరి పాయింటు విలువా తగ్గించాలని చట్టం. నా విజిటుకు పెంచితే సర్జన్లకు కోత పడుతుంది. 2021లో విజిట్ల పాయింట్లు పెంచినప్పుడు సర్జన్ల సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి. చివరికి కాంగ్రెస్ ఆ ఏడాదికి 3.75 శాతం కలిపి గొడవ చల్లార్చింది. ఒకే పేషెంటును ఏళ్ల తరబడి చూసుకునే డాక్టరుకు విజిటుకు ఇంకో 16 డాలర్ల చొప్పున కలిపే కొత్త పద్దు కూడా అప్పుడే రావలసింది. దాన్ని మూడేళ్లు వాయిదా వేసి, 2024 జనవరిలో తెచ్చారు. పదహారు డాలర్లు చిన్న మొత్తమే. కానీ ఒక మనిషిని ఏళ్లపాటు కనిపెట్టుకుని ఉండటం కూడా పనేనని ఆ పట్టికలోకి ఎక్కింది బావా. అది చూసిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో నీకే అర్థమవుతుంది.

నేను స్పెషలిస్టులను తక్కువ చెయ్యడం లేదు. అర్ధరాత్రి గుండెపోటుతో నా పేషెంటును తీసుకెళ్తే లేచి వచ్చి గంటన్నరలోగా రక్తనాళం తెరిచేది వాళ్లే. అంతటి చదువుకూ, అంతటి భారానికీ ఎక్కువ ఇవ్వాల్సిందే. నా అభ్యంతరమంతా ఎంత ఎక్కువ అన్నదాని మీద, ఆ తేడా జనానికి ఏం చేస్తోందన్నదాని మీద. 2019లో ఇక్కడి జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. 2005 నుంచి 2015 దాకా లెక్కలు తీశారు. లక్ష మందికి 10 మంది ప్రైమరీ కేర్ డాక్టర్లు అదనంగా ఉన్నచోట ఆయుర్దాయం 51.5 రోజులు ఎక్కువ. అంతేమంది స్పెషలిస్టులు అదనంగా ఉన్నచోట 19.2 రోజులు. మరి ఈ దేశపు పిల్లలు ఎటు పోతున్నారు? అప్పు చేసి చదివినవాళ్లు 2 లక్షల డాలర్ల బాకీతో బయటికి వస్తున్నారు. ఎక్కువ వచ్చే వైపు చూడటంలో వాళ్ల తప్పేముంది? రెసిడెన్సీ సీట్లు కేటాయించే మ్యాచ్‌లో 2024లో ఫ్యామిలీ మెడిసిన్‌కి 5,200 పైచిలుకు సీట్లుంటే 600కు పైగా నిండలేదు. బయటి దేశం నుంచి వచ్చే మన అమ్మాయిలాంటివాళ్లకు తలుపు తెరుచుకునే చోట్లలో అదొకటి.

ఇంగ్లండులో ఈ ఎడం ఇంత లేదు. అక్కడ జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టరుకు, ప్రధానంగా తన దగ్గర పేరు నమోదు చేసుకున్న జనాన్నిబట్టి డబ్బు. 2004 కాంట్రాక్టు తర్వాత ప్రాక్టీసులో సొంత భాగం ఉన్న జీపీలు ఆసుపత్రి కన్సల్టెంట్లతో దాదాపు సరితూగారు. అంటే ఈ తేడా ఆకాశం నుంచి ఊడిపడలేదు, కూచుని రాసుకున్నదే.

మన దగ్గరకు వస్తాను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కగలిగాడు, గుండె ఆపరేషన్ చేయించుకోగలిగాడు. ఆ మేలును నేనెప్పుడూ కాదనను. కానీ స్టెంటుకు ప్యాకేజీ ఉంది. ఆ స్టెంటు అవసరమే రాకుండా పదిహేనేళ్లు బీపీ, షుగరు అదుపులో పెట్టిన నీ పనికి ప్యాకేజీ ఏది? ఆ పనికి పేషెంటు జేబులోంచి తీసిచ్చే ఓపీ ఫీజే గతి. అది పెంచితే అతను మందుల షాపుకో, ఆర్ఎంపీ దగ్గరికో పోతాడని నువ్వు పెంచవు. ఇక కమిషన్ కవర్లు. పేషెంటును పంపితే ఇంత అని నీ క్లినిక్కుకు మనుషులొస్తే తిప్పి పంపేశానన్నావు. మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళిలోనే అది నిషేధం. ఆ నిషేధాన్ని తెనాలిలో నీ సొంత ఖర్చుతో నిలబెడుతున్నావని నేను అందరికీ చెబుతుంటాను. 2023లో ఆంధ్రాలో ఫ్యామిలీ డాక్టర్ పేరుతో పీహెచ్‌సీ డాక్టర్లను ఊళ్లకు పంపడం మొదలుపెట్టారన్న వార్త చదివి ఆశపడ్డాను. ఏ ప్రభుత్వం పెట్టిందన్నది నాకు అక్కర్లేదు. ఒకే డాక్టరు అదే ఊరికి మళ్లీ మళ్లీ వెళ్లాలన్న ఆలోచన నిలవాలి.

సంబంధాలు చూసేవాళ్లు "పీజీ ఏం చేసింది" అని అడుగుతారని చెల్లెమ్మ బెంగ. ఇక్కడ ఫ్యామిలీ మెడిసినూ పీజీయే, మూడేళ్లు చదివి బోర్డు పరీక్ష రాయాలి. అమ్మాయికి గుండె మీద నిజంగా మక్కువ ఉంటే కార్డియాలజీ వైపు వెళ్లమను, నేనే దగ్గరుండి సాయం చేస్తాను. జీతం తక్కువ కాబట్టి ఫ్యామిలీ మెడిసిన్ తక్కువ చదువనుకుని మాత్రం వదులుకోవద్దను. ఆ మాట మీద నేను నీతోనైనా దెబ్బలాడతాను.

రెసిడెన్సీ జే-1 వీసా మీద చేస్తే, తర్వాత రెండేళ్లు ఇండియాకు వెళ్లే షరతు ఉంటుంది. డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే దాని నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మందికి ఆ అవకాశం. ప్రైమరీ కేర్ వాళ్లకు అలాంటి ఉద్యోగాలు ఎక్కువ. రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు జీతమెంత అన్నదానితో ఆగొద్దు. రోజుకు ఎంతమందిని చూడాలి, జీతం పాయింట్ల మీదా నికరంగానా, కొత్త పేషెంటుకు ఎన్ని నిమిషాలు ఇస్తారు, ఈ మూడూ కాగితం మీద రాయించుకోవాలి. మూడోదానికి జవాబు దాటవేసే చోట చేరొద్దు.

పర్సనల్ స్టేట్‌మెంట్ చిత్తుప్రతి ముందు నాకు పంపమను. నీకు ఆదివారం పొద్దున, నాకు శనివారం రాత్రి, ముగ్గురం కలిసి మాట్లాడుకుందాం. చెల్లెమ్మను కూడా కూచోబెట్టు.

ఇట్లు,
నీ బావ